అమ్మ ఎక్కిన బండి, నాన్న నిలబడిన బండి

మా యింట్లో ఒక పాత ఫొటో ఉంది. 1969లో మద్రాసు మాంబళం స్టేషనులో మా మేనమామ తన పెట్టె కెమేరాతో తీశాడు. ప్లాటుఫారం మీద మా నాన్నగారు తెల్ల పంచె, చొక్కాతో, చంకలో గొడుగు, చేతిలో టిఫిను క్యారియరుతో నిలబడి ఉంటారు. ఆయన వెనక బీచి స్టేషనుకు పోయే ఎలక్ట్రిక్ బండి ఆగి ఉంది. మామయ్య ఉద్దేశం నాన్నను తీయడమే. బండి ఊరికే వెనక పడింది. ఇప్పుడు ఆ ఫొటోలో బండిని చూడడం కోసం నేను భూతద్దం పెట్టుకుని కూర్చున్నానంటే నాన్నగారు నవ్వి ఉండేవారు.

ముప్పయ్యేళ్ళు ఆ బండిలోనే తిరిగాను. చదువుకు దానిమీదే వెళ్ళాను, ఉద్యోగానికి దానిమీదే వెళ్ళాను. ఒక్కనాడూ దానికి ఫొటో తీయాలని తోచలేదు. రోజూ కనబడేదాన్ని ఎవరు ఫొటో తీసుకుంటారు చెప్పండి? 2004లో ఆ మీటరుగేజి లోకలు బండ్లు ఆగిపోయాయి. అప్పుడు ఇల్లంతా వెతికితే దొరికింది ఈ ఒక్క ఫొటోయే. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మనుమడు తోడురాగా, ఆ బండికి చిన్న నమూనా చెయ్యాలని పూనుకున్నాను. ఆ పనిలో నేర్చుకున్నవీ, పొరపడినవీ పాఠకులకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

తీగ కింద బండి

మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినసు నుంచి కుర్లాకు నడిచింది. ఆరేళ్ళకు, 1931 మే నెలలో, మద్రాసు వంతు వచ్చింది. అప్పటి సౌత్ ఇండియన్ రైల్వేవారు బీచి నుంచి తాంబరం దాకా, సుమారు 29 కిలోమీటర్లు, మీటరుగేజి దారిపైన తీగలు కట్టి 1,500 వోల్టుల డి.సి. కరెంటు ఇచ్చారు. మీటరుగేజిమీద ఎలక్ట్రిక్ బండి నడిచింది మన దేశంలో ఈ ఒక్క దారిలోనే. తరువాత అదే దారిని విల్లుపురం వరకు పొడిగించారు. మద్రాసులో కాపురమున్న తెలుగువారిలో ఈ బండి ఎక్కనివారు అరుదు. కోడంబాకం స్టూడియోలకు వేషాల కోసం వెళ్ళేవారూ, మాంబళంలో గది అద్దెకు తీసుకున్న గుమాస్తాలూ అందరికీ అదే వాహనం.

1960ల నడుమ ఈ దారిలో డి.సి. పోయి 25,000 వోల్టుల ఏ.సి. వచ్చింది. ఎందుకు మార్చారో తెలుసుకోవడం కష్టం కాదు. ఒకే శక్తి పంపాలంటే వోల్టులు పెరిగినకొద్దీ తీగలో పారే కరెంటు తగ్గుతుంది. 1,500 ఎక్కడ, 25,000 ఎక్కడ! దాదాపు పదిహేడు రెట్లు. కనుక సన్నని తీగ చాలు; సబ్‌స్టేషన్లు దూరదూరంగా పెట్టుకోవచ్చు. బొంబాయిలో ఈ మార్పు చాలా ఆలస్యంగా జరిగింది. అక్కడి చివరి డి.సి. లోకలు హార్బరు దారిలో 2016 ఏప్రిల్లో నడిచింది. ఈ మార్పు సంగతి గుర్తుంచుకోండి. నాకు చీవాట్లు పడింది దీనివల్లనే.

కదిలే బండిని పట్టుకోవడం

ఆ చుట్టలోనే మామయ్య తీసిన మరో ఫొటో ఉంది. అందులో బండి లేదు, బూడిదరంగు చారలున్నాయి. కదిలిపోతున్న బండిని పక్కనుంచి తీయబోయాడు పాపం. లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు పదహారున్నర మీటర్లు. పాత పెట్టె కెమేరా కన్ను సెకనులో యాభయ్యోవంతు తెరుచుకుంటే, ఆ వ్యవధిలోనే బండి మూరకు కాస్త తక్కువ దూరం జరిగిపోతుంది. చారలు రాక మరేమొస్తాయి? నేటి కెమేరాలో సెకనులో అయిదువందలోవంతు పెడితే ఆ జరుగుబాటు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. అంత వేగంలేని కెమేరా అయితే, బండి మనవైపు ఏటవాలుగా వస్తున్నప్పుడు తీయాలి. లేదా స్టేషనులో ఆగబోతున్నప్పుడు తీయాలి. ఎండ మన వీపు వెనక ఉండాలి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడితే బండి కింది భాగం కూడా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే చక్రాలన్నీ నల్లని నీడలో కలిసిపోతాయి.

అందం కోసం తీసే ఫొటో వేరు, నమూనా కోసం తీసేది వేరు. నమూనా చేసేవాడికి బండి సరిగ్గా పక్కనుంచి ఒకటి, ఎదటినుంచి ఒకటి, కాలివంతెన మీదనుంచి పైకప్పు ఒకటి కావాలి. చాలామంది పైకప్పును మరిచిపోతారు. నమూనా బండిని బల్లమీద పెట్టినప్పుడు మన కంటికి మొదట కనబడేది పైకప్పే గదా!

ఒక్క హెచ్చరిక. తీగలో ఉన్నది 25,000 వోల్టులు. తాకనక్కరలేదు, దగ్గరికి పోయినా ప్రాణం తీస్తుంది. తీగకు రెండు మీటర్ల లోపలికి మనిషిగాని, చేతిలోని కర్రగాని పోరాదు. ఆగి ఉన్న పెట్టె అయినా సరే, పైకెక్కి ఫొటో తీయాలని చూడవద్దు. స్టేషనులో తీసేముందు అక్కడివారి అనుమతి అడగండి. పాత ఇంజన్లను తీరికగా తీయదలచినవారికి ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం ఉండనే ఉంది. బొంబాయి డి.సి. దారిలో పనిచేసిన ‘సర్ లెస్లీ విల్సన్’, ‘సర్ రోజర్ లమ్లీ’ అనే పాత ఎలక్ట్రిక్ ఇంజన్లు అక్కడ ఉన్నాయి.

నాన్నే కొలబద్ద

ఇక నమూనా సంగతి. బండికి కొలతలు కావాలి. నా దగ్గరున్నది ఒక్క ఫొటో. రెండు పట్టాలూ కనబడేలా ఎదటినుంచి తీసిన ఫొటో అయితే చిక్కులేదు. మీటరుగేజి పట్టాల నడుమ దూరం సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు గనుక, దానితో పోల్చి మిగిలినవన్నీ లెక్కకట్టవచ్చు. నా ఫొటోలో పట్టాలు ప్లాటుఫారం చాటున ఉన్నాయి. రెండు రోజులు తల పట్టుకున్నాను.

మూడోరోజు మనుమడు, “తాతయ్యా, ముత్తాత ఎత్తెంత?” అన్నాడు.

లేచి పెట్టె తీసి నాన్నగారి ఉద్యోగపు కాగితాలు వెతికాను. గుర్తింపు వివరాల్లో ఉంది: ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. అనగా 1,676 మిల్లీమీటర్లు. చిత్రమేమిటంటే, మన బ్రాడుగేజి పట్టాల నడుమ దూరం కూడా సరిగ్గా అంతే! బ్రాడుగేజి మనిషి జీవితమంతా మీటరుగేజి బండిలో తిరిగాడన్నమాట.

ఫొటోను పెద్దది చేయించి కొలిచాం. నాన్న 44 మిల్లీమీటర్లు, ఆయన ఆనుకుని నిలబడిన తలుపు 50 మిల్లీమీటర్లు. 1,676ను 44తో భాగించి 50తో హెచ్చవేస్తే తలుపు ఎత్తు 1,904 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఆరడుగుల మూడంగుళాలు తేలింది. అదే లెక్కలో కిటికీలు, వాటి నడుమ ఎడం, కప్పు ఎత్తు ఒక్కొక్కటే కాగితం మీదికి వచ్చాయి. ఒక్క జాగ్రత్త: కొలబద్దగా తీసుకునే మనిషి బండికి ఆనుకునే ఉండాలి. కెమేరాకు నాలుగడుగులు దగ్గరగా ఉంటే మనిషి పెద్దవాడై, బండి చిన్నదైపోతుంది.

87లో ఒక వంతు చెయ్యాలనుకున్నాం. నమూనా రైళ్ళవారు హెచ్.ఓ. అనేది ఇదే. ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. హెచ్.ఓ. పట్టాలని అడిగి తెచ్చుకున్నాను. వాటి నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. అవి విదేశాల స్టాండర్డుగేజికి సరిపోయేవి. మన మీటరుగేజిని 87తో భాగిస్తే పదకొండున్నరే వస్తుంది. పెట్టెను ఆ పట్టాలమీద పెడితే కాళ్ళు ఎడంగా చాపి నిలబడిన ఏనుగుపిల్లలా కనబడింది. తరువాత 12 మిల్లీమీటర్ల పట్టాలు సంపాదించాం. ఆ అర మిల్లీమీటరు తేడాను ఎవరూ పట్టుకోలేరు.

పెట్టె గోడలకు శుభలేఖల అట్టకంటె మంచిది లేదు. గట్టిగా, నునుపుగా ఉంటుంది, బ్లేడుకు చక్కగా తెగుతుంది. మా బంధువుల్లో ఆరుగురి పెళ్ళిళ్ళు ఆ పెట్టెలయ్యాయి. కిటికీలు ముందు కోసుకుని తరువాత గోడలు నిలపాలి. పైన తీగను తాకే పాంటోగ్రాఫుకు పాత వీణతీగ వాడాం. మోటారు, చక్రాలు మాత్రం కొన్నవే. రంగు వెయ్యబోయే ముందు ఏ సంవత్సరపు బండి చేస్తున్నారో నిశ్చయించుకోండి. రైళ్ళ రంగులు కాలానికొకటి మారుతుంటాయి.

అమ్మ తీర్పు

నాలుగు నెలలకు పని ముగిసింది. బండిని తీసుకెళ్ళి అమ్మ మంచం పక్కన బల్లమీద పెట్టాను. అమ్మకిప్పుడు ఎనభై ఏడేళ్ళు. నిన్న ఎవరొచ్చారో ఒక్కొక్కసారి జ్ఞాపకముండదు. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“బాగుందిరా అబ్బాయీ. కాని నిన్ను కనడానికి నేను ఎగ్మూరు ఆస్పత్రికి వెళ్ళిన బండి ఇది కాదు” అంది.

“అదేనమ్మా. నీకు మరుపొచ్చింది” అన్నాను.

అమ్మ మారు మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

రాత్రి నిద్రపట్టక లెక్క వేసుకున్నాను. నేను పుట్టింది 1958లో. డి.సి. పోయి ఏ.సి. వచ్చింది 1960ల నడుమ. ఫొటో 1969ది. కరెంటు మారాక వచ్చిన బండి ముందు నాన్న నిలబడ్డారు. అమ్మ ఎక్కింది మారకముందటి బండి. తారీఖులన్నీ తెలిసి నేను పొరబడ్డాను. ఏ తారీఖూ తెలియకుండా అమ్మ సరిగ్గా చెప్పింది.

తెల్లవారి వెళ్ళి, “నువ్వన్నదే నిజమమ్మా. తప్పు నాది” అన్నాను. “కాఫీ తాగావా?” అంది. మా యింట్లో క్షమించడమంటే అదే.

ఇప్పుడు రెండో బండి చేస్తున్నాం. అమ్మ ఎక్కిన పెట్టెకు మా యింట్లో ఫొటో లేదు. అమ్మ ఉన్నది. అమ్మను ఎలా అడగాలో నేర్చుకోవడానికి కొంతకాలం పట్టింది. “కిటికీ ఎంత పెద్దది?” అంటే చెప్పలేదు. “ఎక్కడ కూర్చున్నావు? సంచీ ఎక్కడ పెట్టావు? ఎక్కేటప్పుడు ఏది పట్టుకున్నావు?” అని అడిగితే చేయి దానంతటదే లేస్తుంది. మనుమడు టేపు పట్టుకుని, ఆ చేయి నేలకు ఎంత ఎత్తున ఆగిందో రాసుకుంటాడు. మరచిపోయినవాటిని కూడా చేతులు దాచుకుంటాయి కాబోలు. మంచిరోజున ఒకటి రెండు కొలతలు దొరుకుతాయి. కొన్ని రోజులు ఏమీ దొరకవు. త్వరపడాలని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఈ నమూనా 12 వోల్టుల డి.సి. మీద నడుస్తుంది. కనుక అమ్మ బండికి కరెంటు రకమైనా అసలుదానికి సరిపోయింది.

మీ యింట్లోనూ ఇలాంటి ఫొటోలుంటాయి. ఇవాళే వాటి వెనక పేరు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. రోజూ ఎక్కే బండినీ బస్సునూ ఒక్కసారి తీసిపెట్టుకోండి. పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. ఆయన ఎత్తు కూడా రాసుకోండి. పెద్దవారు “ఇది కాదు” అంటే వెంటనే కొట్టిపారెయ్యకండి.

మొన్న 19 మిల్లీమీటర్ల నాన్నబొమ్మను చేత్తో పట్టుకుని, “నాన్నను ఏ పెట్టెలో పెట్టమంటావమ్మా?” అని అడిగాను.

“లేడీసు పెట్టెలోకి ఆయన్ని రానివ్వరుగా. పక్క పెట్టెలో, తలుపు దగ్గర. కోడంబాకంలో, నుంగంబాకంలో, చేట్‌పట్‌లో మూడుచోట్లా దిగి నన్ను చూసి మళ్ళీ పరుగెత్తుకెళ్ళి ఎక్కారు” అంది.

తలుపు దగ్గరే పెట్టాను. ఇంకా జిగురు వెయ్యలేదు.