నీరు మన్నవుతుందా?

మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో టైట్రేషన్ రీడింగు కుదరకపోతే, రావలసిన జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రికార్డులో వేసేసేవాణ్ణి. ఆ పని చేసింది నేనొక్కణ్ణే కాదనుకుంటాను! అది తప్పని లెక్చరరు గారు చెబితే తలకెక్కలేదు గాని, రసాయనశాస్త్ర చరిత్ర చదివాక ఎక్కింది.

పదార్థాలన్నిటికీ మూలం నీరన్నాడు థేలీస్. గాలి అన్నాడు అనాక్సిమెనీస్. నిప్పన్నాడు హెరాక్లిటస్. ఎంపెడోక్లిస్ ఈ మూడింటికీ మట్టిని చేర్చి నాలుగన్నాడు. డెమోక్రిటస్ మాత్రం, దేన్నైనా కోసుకుంటూ పోతే చివరికి కోయరాని కణం దగ్గర ఆగిపోతామన్నాడు. గ్రీకులో ‘ఆటమోస్’ అంటే కోయరానిదనే అర్థం. అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) దీన్ని ఒప్పుకోలేదు. ఆయన ప్రకారం నీటి గుణాలు చల్లదనం, తడి. మట్టి గుణాలు చల్లదనం, పొడి. తడి పోయి పొడి వస్తే నీరే మన్నవుతుంది! గాజుపాత్రలో నీళ్ళు చాలాకాలం మరిగిస్తే అడుగున మిగిలే తెల్లని మట్టిని తర్వాతివాళ్ళు ఇందుకు రుజువుగా చూపేవారు. చూపితే చాలదు, తూచి చూడాలి.

1768లో పారిస్‌లో లావోయిజర్ తూచాడు. ఆవిరి బయటికి పోకుండా మూసిన గాజుపాత్రలో శుభ్రమైన నీటిని 101 రోజులు కాచాడు. మొత్తం బరువు మారలేదు. పాత్ర ఒక్కదాన్నే తూస్తే సుమారు 17 గ్రెయిన్లు తగ్గింది. వచ్చిన మట్టి సుమారు 20 గ్రెయిన్లు తూగింది. (ఆనాటి ఫ్రెంచి గ్రెయిను గ్రాములో దాదాపు ఇరవయ్యోవంతు.) అంటే ఆ మట్టి గాజు కరిగి వచ్చిందే గాని, నీరు మారి వచ్చింది కాదు.

మరి ఆ మూడు గ్రెయిన్ల తేడా మాటేమిటి? నేనైతే 17ని 20 చేసి ఉందును. ఆయన రెండు అంకెలూ ఉన్నవున్నట్టే ప్రకటించాడు.

ఆ త్రాసుతోనే పని సాగింది. నీరు మూలకం కాదు, హైడ్రోజన్, ఆక్సిజన్‌ల సమ్మేళనమని 1783లో ఆయన ప్రకటించాడు. 1789లో వేసిన పుస్తకంలో 33 మూలపదార్థాల పట్టిక ఇచ్చాడు. అందులో వెలుగునూ వేడినీ చేర్చి తానూ పొరబడ్డాడు, తర్వాతివాళ్ళు దిద్దారు. 1808లో డాల్టన్ గ్రీకుల పాత ‘ఆటమ్’నే మళ్ళీ ఎత్తుకుని, ఒక్కొక్క మూలకం పరమాణువుకూ సాపేక్షంగా బరువు కట్టాడు. డెమోక్రిటస్ ఊహకు అంతవరకూ లేనిది ఆ అంకే.

ఇప్పుడు నా రికార్డులో బ్యూరెట్టు ఎంత చూపిస్తే అంతే వేస్తున్నాను. ఒకటి రెండు మార్కులు పోతున్నాయి. పోనీండి. ఎక్కడ పొరబడ్డానో వెతుక్కోవడానికి ఆ రీడింగైనా మిగులుతోంది.