ముగిసినట్టే ముగిసి... మళ్లీ మొదటికి!

ఆన్‌లైన్ నాణేల వేలంలో ‘పొడిగింపు’ తిప్పలు
చిన్న సేకర్తలకు దక్కని చివరి క్షణం

విజయనగర వరహాలు, నిజాం కాలం నోట్లు, యానాం ముద్ర పడిన ఫ్రెంచి తపాలా బిళ్లలు... సరిహద్దుకు ఇవతల స్థిరపడిన తెలుగువాళ్ల చరిత్ర ఇలాంటి చిన్న వస్తువుల్లోనూ దాగి ఉంది. రాయచూరు, బీదరు పెద్దల చేతిలో పాత హైదరాబాద్ సంస్థానం నోటు పెట్టి చూడండి. ఒకే కాగితంపై ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ అక్షరాలు చూసి ఇట్టే మురిసిపోతారు.

ఒకప్పుడు ఇవి కావాలంటే సంతల్లో, పాత సామాన్ల దుకాణాల్లో వెతకాల్సిందే. ఇప్పుడు వేలం సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది. బెంగళూరు, ముంబయి, అహ్మదాబాద్‌లలోని నాణేల వేలం సంస్థల పాటల్లో ఇంట్లో కూర్చునే పాల్గొనవచ్చు. లండన్, న్యూయార్క్ వేలాలూ అంతే. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా పాట ముగిసే దగ్గరే!

గడియారం ఆగదు

ఆన్‌లైన్ వేలం రెండు రకాలుగా ముగుస్తుంది. మొదటిది నిర్ణీత గడువు. రాత్రి 9 గంటలంటే 9 గంటలే. ఆ క్షణానికి ఎవరిది ఎక్కువ పాటైతే వస్తువు వారిది. ఈబే మొదటి నుంచీ ఈ పద్ధతే పాటిస్తోంది. రెండోది పొడిగింపు పద్ధతి. గడువు దగ్గర పడ్డాక ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ వెనక్కి వెళ్తుంది. కొన్నిచోట్ల రెండు నిమిషాలు, కొన్నిచోట్ల పది. క్రీడా కార్డులు, పాత కామిక్స్ అమ్మే కొన్ని అమెరికా సంస్థల్లో ఏకంగా అరగంట! ఇంకెవరూ పాడకుండా ఆ సమయం గడిస్తేనే వస్తువు ఖరారవుతుంది.

కొన్ని సంస్థలు మరో మెలిక పెట్టాయి. అసలు గడువులోపు ఆ వస్తువుపై ఒక్కసారైనా పాడినవాళ్లకే పొడిగింపులో ప్రవేశం. ముందు పాడకుండా ఊరుకున్నవాళ్లు చూస్తూ కూర్చోవాల్సిందే.

మన దగ్గరి నుంచి పాడేవాళ్లకు సమయం మరో తలనొప్పి. న్యూయార్క్‌లో రాత్రి 10 గంటలంటే మనకు వేసవిలో ఉదయం 7.30, శీతకాలంలో 8.30. అక్కడి నుంచి అరగంట చొప్పున సాగుతూ పోతే ఇక్కడ ఆఫీసు వేళ దాటిపోతుంది. ఒక కన్ను ఫైలు మీద, ఒక కన్ను ఫోన్ మీద. చివరికి వస్తువు దక్కుతుందా అంటే అదీ లేదు.

మన వేలం పాటా ఇంతే కదా?

నిజమే. చెరువులో చేపలకు, చింతతోపులకు ఊళ్లో పాడే వేలం పాట చూడండి. ‘ఒకటోసారి... రెండోసారి...’ అంటుండగా ఎవరో గొంతు పెంచితే లెక్క మళ్లీ ఒకటి నుంచే. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ గణేశ్ లడ్డూ పాట 1994లో రూ.450తో మొదలై 2025లో రూ.35 లక్షలకు చేరింది. అదీ ఇలా లెక్క పెడుతూ సాగిన పాటే. అంటే పొడిగింపు మనకు కొత్తేమీ కాదు.

తేడా ఎక్కడుందంటే... ఊరి పాటలో ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది. వాడు నిజంగా కొంటాడో, ఊరికే పెంచుతున్నాడో పదిమందికీ తెలుస్తుంది. లెక్క కూడా నిమిషంలో తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో ముఖం లేదు, ఒక నంబరు మాత్రమే. అమ్మేవాళ్ల మనుషులే పాట పెంచుతున్నారేమోనన్న అనుమానం పీకుతూనే ఉంటుంది.

చివరి క్షణం కోసం కాచుకోవడం కూడా పాత విద్యే. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కొవ్వొత్తి వెలిగించి వేలం వేసేవారు. అది ఆరిపోయే లోపు చివరిగా పాడినవాడిదే సరకు. ఆరే ముందు పొగ కిందికి దిగుతుందని కనిపెట్టిన ఒక తెలివైనవాడు సరిగ్గా అప్పుడే పాడేవాడని శామ్యూల్ పెపీస్ 1662లో తన డైరీలో రాసుకున్నాడు.

తెలిసినవాడికే నష్టం

ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఈ సంగతిపై ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. (రాత్‌కు 2012లో నోబెల్ వచ్చింది.) నిర్ణీత గడువున్న ఈబే వేలాలను, పొడిగింపుతో అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాలను వారు పోల్చారు. చివరి నిమిషం పాటలు ఈబేలోనే బాగా ఎక్కువ. అందులోనూ కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల్లో మరీ ఎక్కువ.

కారణం తేలికే. కంప్యూటర్ ధర అందరికీ తెలుసు. పాత వస్తువు విలువ తెలిసినవాడికే తెలుసు. ఉదాహరణకు ఒక బంగారు నాణేన్ని ‘దక్షిణ భారత నాణెం’ అని మాత్రమే రాసి వేలానికి పెట్టారనుకుందాం. దానిపై బాలకృష్ణుడి బొమ్మను, వెనక మూడు వరుసల నాగరి లిపిలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అనే పేరును గుర్తుపట్టినవాడికి అది కృష్ణదేవరాయల వరహా అని తెలిసిపోతుంది. ముందే పాడితే ‘వీడికేదో తెలిసింది’ అని పెద్ద వ్యాపారులు వెంటపడతారు. అందుకే ఆఖరి సెకను దాకా గుట్టుగా ఉంటాడు.

పొడిగింపు పద్ధతిలో ఆ గుట్టు చెల్లదు. అతడు పాడగానే మిగతావాళ్లకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఏళ్ల తరబడి చదివి సంపాదించిన జ్ఞానం అరగంటలో అందరి సొత్తవుతుంది. డబ్బున్నవాడు వస్తువు పట్టుకుపోతాడు. చిన్న సేకర్తల అసలు బాధ ఇదే.

రెండో వైపు

అలాగని పొడిగింపును పూర్తిగా తప్పుపట్టలేం. తాతగారి పెట్టెలోని నాణేలు అమ్ముకునే కుటుంబానికి సరైన ధర రావాలి కదా! తెలియక తక్కువకు పోయే నష్టం దీంతో కొంత తగ్గుతుంది. కరెంటు పోయినా, నెట్ నెమ్మదించినా మళ్లీ పాడేందుకు వీలుంటుంది. చివరి సెకనులో పాట వేసే సాఫ్ట్‌వేర్ల ఆటా సాగదు.

కాబట్టి పద్ధతి ఉండాలి, కానీ దానికో హద్దు కావాలి. రెండు మూడు నిమిషాల పొడిగింపు చాలు. వేలం మొత్తానికి కాక ఏ వస్తువుకు ఆ వస్తువుకే విడిగా వర్తించాలి. నిబంధన ఏమిటో వస్తువు పక్కనే స్పష్టంగా రాయాలి.

పాడే ముందు ఇవి చూసుకోండి

* పొడిగింపు ఉందా, ఎంతసేపు, ముందే ఒకసారి పాడి ఉండాలా... ఈ మూడూ చదివాకే దిగండి. ముందు పాడాలన్న నిబంధన ఉంటే గడువులోపే చిన్న పాట ఒకటి వేసి ఉంచండి.
* మీ గరిష్ఠ ధర ముందే కాగితంపై రాసుకోండి. గరిష్ఠ పాట నమోదు చేసే సౌకర్యం ఉంటే అదే వేసి పడుకోండి. అవసరమైనంత మేరకే వ్యవస్థ మీ తరఫున పాడుతుంది.
* సంస్థ కమీషన్ కలిపి లెక్కేయండి. రూ.10 వేలకు పాడితే 20 శాతం కమీషన్‌తో రూ.12 వేలు. పన్ను, పోస్టు ఖర్చు అదనం. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకమూ పడవచ్చు.
* వందేళ్లు దాటిన నాణేలను వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది. ఎక్కువ ధర వస్తుందని ఎవరైనా ఆశ చూపినా అటు పంపొద్దు.
* గరిష్ఠ ధర దాటితే వదిలేయండి. ‘ఇంకొక్కసారి’ అనుకుంటూ అరగంటకోసారి పెంచుకుంటూ పోతే నాణెం చేతికొచ్చేసరికి జీతం ఖాళీ!