ఫుట్‌బాల్ మైదానమున ఊరి ఏల్

ఇంగ్లాండులో శనివారము మధ్యాహ్నము 3 గంటలకు ఫుట్‌బాల్ ఆట ఆరంభమగుట పాత ఆనవాయితీ. 45 నిమిషముల పిమ్మట రిఫరీ ఈల వేయగానే గ్యాలరీలలోని జనములో ఒక భాగము లేచి, మెట్లు దిగి, గ్యాలరీల క్రింద నుండు సిమెంటు నడవలలోనికి త్రోసికొని పోవును. విరామము 15 నిమిషములు. ఆ కొద్ది వ్యవధిలో వరుసలో నిలిచి, ప్లాస్టిక్ గ్లాసులో బీరు కొని, నిలుచున్నచోటనే త్రాగి, గ్లాసు పారవేసి, తిరిగి తన స్థానమునకు చేరవలెను. గ్లాసుతో మెట్లెక్కి మైదానము కనబడు చోటికి వచ్చినచో అది నేరము. బీరు అమ్మవచ్చును, కొనవచ్చును, త్రాగవచ్చును. ఆటను చూచుచు మాత్రము త్రాగరాదు!

ఈ కట్టుబాటు నడుమ అక్కడి అభిమానులు కొందరు చిరకాలముగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. జట్టు తమ యూరిదై, మైదానము తమ యూరిదై యుండగా, అక్కడ అమ్మెడి బీరు మాత్రము ఏదో పెద్ద సంస్థదే యెందుకు కావలెను, తమ యూరిలో కాచిన ఏల్ ఏల దొరకదు అని. మద్యపానము మంచిదా చెడ్డదా యను చర్చ మన తెలుగునాట చాల పాతది. దానిని ఇక్కడ తిరుగదోడుట మా యుద్దేశము కాదు. అక్కడి మైదానములలో బీరు ఎట్లును అమ్ముచునే యున్నారు. ఏ బీరు, ఎక్కడ, ఏ విధముగా అన్నదే వివాదము. అల్పముగా తోచు ఈ వివాదము వెనుక, ఆట చూడవచ్చిన సామాన్యుని రాజ్యము ఏ కంటితో చూచుచున్నదను పెద్ద విషయము కలదు.

ముందుగా ఏల్ అననేమో తెలిసికొందము. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలిలో ఆరబెట్టి మాల్టు చేయుదురు. మాల్టును వేడినీటిలో నానవేసి తీసిన తీపి రసమును హాప్ అను తీగ పువ్వులతో మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టుదురు. బీరులన్నిటికిని ఇంతవరకు త్రోవ యొక్కటియే. లాగర్ అను రకము చల్లని చోట మెల్లగా పులియును. ఏల్ కొంచెము వెచ్చని చోట కొలది దినములలోనే పులియును. ఇంగ్లాండు సంప్రదాయపు పీపా ఏల్‌కు మరియొక విశేషము కలదు. దానిని వడగట్టి, వేడిచేసి, అందలి ఈస్టును చంపి పంపరు. ఈస్టు సజీవముగా నుండగనే పీపాలో నింపుదురు. పానశాల నేలమాళిగకు చేరిన పిమ్మట గూడ అది లోలోపల పులియుచునే యుండును. ఒకనాడైనను కదపక నిలిపి మడ్డిని అడుగునకు దిగనీయవలెను. తెరచిన పిమ్మట మూడు దినములు దాటినచో రుచి చెడును.

మన తాటికల్లు సంగతి తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. తెల్లవారుజామున దింపిన కల్లు ఉదయము ఒక రుచి, సాయంకాలము మరియొక రుచి. అంత తొందర లేకున్నను ఏల్ కూడ ఆ జాతిదే. దూరము పోవుటకు ఓర్వనిది కావుననే అది ఊరి పానీయమైనది. ఒక్కొక్క ఊరి నీటికి ఒక్కొక్క రుచి యేర్పడినది. బర్టన్ పట్టణపు నీటిలో జిప్సమ్ హెచ్చు. అచటి ఏల్ ఆ నీటి వలననే పేరొందినది. 19వ శతాబ్దమున ఓడలలో మన దేశపు రేవులకు దిగిన 'ఇండియా పేల్ ఏల్' చాల భాగము ఆ యూరిదే. సముద్రప్రయాణమునకు తట్టుకొనుటకై దానిలో హాప్ పువ్వులు మిక్కిలిగా వేసెడివారు. నేటికిని బర్టన్ జట్టును అభిమానులు 'బ్రూయర్స్', అనగా బీరు కాచువారు, అని ముద్దుగా పిలుతురు.

ఫుట్‌బాలునకును బీరునకును గల బాంధవ్యము మిక్కిలి పాతది. ఆ బాంధవ్యములోని కలహము గూడ అంత పాతదే. 1878లో లివర్‌పూల్ నగరమున ఒక మెథడిస్టు ప్రార్థనాలయమునకు చెందిన యువకులు ఒక జట్టును ఏర్పరచిరి. మరుసటి సంవత్సరము దానికి ఎవర్టన్ అని పేరు పెట్టిరి. 1884 నుండి వారు ఆన్‌ఫీల్డ్ మైదానమున ఆడసాగిరి. ఆ జట్టునకు పెద్దయైన జాన్ హౌల్డింగ్ బీరు కర్మాగారపు యజమాని. ఆటగాండ్రు దుస్తులు మార్చుకొనునది అతని శాండన్ హోటలులోనే. మైదానమున పానీయములమ్ము హక్కును అతడు తనకే యుంచుకొనెను. అద్దెను 100 పౌండ్ల నుండి 250 పౌండ్లకు పెంచెను. సంఘమున మద్యపానమును రోయు మెథడిస్టులు కొందరు కలరు. వారికి అద్దె యొక బాధ, బీరు మరియొక బాధ. తుదకు 1892లో జట్టు ఆన్‌ఫీల్డును విడిచి గూడిసన్ పార్కునకు తరలిపోయెను. ఖాళీ మైదానముతో మిగిలిన హౌల్డింగ్ కొత్త జట్టు నొకదానిని స్థాపించెను. అదియే లివర్‌పూల్ జట్టు. నేడు లోకమంతట కోట్లమంది అభిమానించు ఒక గొప్ప స్పర్ధకు మూలమున ఒక బీరు వర్తకుని గల్లాపెట్టె కూడ నున్నదన్నమాట!

పదేండ్ల పిమ్మట, 1902లో, అప్పులలో మునిగిన న్యూటన్ హీత్ జట్టును ఆదుకొనినవాడు జె. హెచ్. డేవిస్ అను మరియొక బీరు కర్మాగారపు యజమాని. ఆ జట్టే మాంచెస్టర్ యునైటెడ్ అయినది. తరువాతి కాలమున లీగ్ కప్ పోటీకే బీరు పేర్లు పెట్టిరి. 2003 నుండి 2012 వరకు అది కార్లింగ్ కప్. అంతకు ముందు, 1982 నుండి 1986 వరకు, పాల విక్రయసంస్థ ధనమిచ్చుటచే అదే కప్పు 'మిల్క్ కప్' అనిపించుకొనినది. ఆ పాలకప్పు కాలముననే బీరుపై కఠినమైన చట్టము వచ్చుట కాకతాళీయము.

ఆ చట్టము 1985 నాటిది. అప్పటికే స్కాట్లండులో, 1980 మే 10న గ్లాస్గో నగరపు హాంప్డెన్ పార్కులో కప్పు తుది ఆట పిమ్మట రెండు పక్షముల జనము మైదానముననే తలపడగా, మైదానములలో మద్యమును నిషేధించియుండిరి. ఇంగ్లాండున 1985 మార్చిలో లూటన్ మైదానమున పెద్ద అల్లరి జరిగెను. మే 29న బ్రస్సెల్స్ నగరపు హైసెల్ స్టేడియమున లివర్‌పూల్ అభిమానులు ఎదుటి పక్షముపైకి ఉరకగా గోడ కూలి 39 మంది మరణించిరి. రెండు మాసములలోనే పార్లమెంటు చట్టము చేసెను. పెద్ద లీగుల ఆటలలో, ఆటకు రెండు గంటల ముందు మొదలు ముగిసిన యొక గంట వరకు, మైదానము కనబడు చోట మద్యము చేతనుంచుకొనుట నేరమైనది. శిక్ష జరిమానా గాని, మూడు మాసముల వరకు ఖైదు గాని, రెండును గాని. ఆటకు పోవు ప్రత్యేక బస్సులలోను మద్యము కూడదు. రెండు సంవత్సరములు గడువకుండగనే, ఖరీదైన ప్రత్యేక గదులనుండి ఆట చూచువారికి మాత్రము నిషేధకాలమును ఆటకు ముందు 15 నిమిషములకు, తరువాత 15 నిమిషములకు తగ్గించిరి. ఈ సవరణను చూచినప్పుడు మాకు చట్టముపై గౌరవము కొంత సన్నగిల్లినది.

నాటి భయము నిరాధారము కాదు. త్రాగి తగవులాడినవారు నిజముగ నుండిరి. ఐనను ఆ భయము ఎంతదూరము పోగలదో 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరపు హిల్స్‌బరో మైదానమున తేటపడెను. ఇరుకైన ఆవరణలోనికి పోలీసులు జనమును వదలుటచే త్రొక్కిసలాట కలిగెను. దాని వలన మరణించినవారు మొత్తము 97 మంది. అభిమానులు త్రాగి వచ్చుటచే ఇది జరిగినదని పోలీసులు చెప్పిరి. చనిపోయిన బాలురనుండి గూడ రక్తము తీసి అందు మద్యమెంతయున్నదో పరీక్షింపజేసిరి. న్యాయమూర్తి టేలర్ విచారణ ఆ యపవాదమును త్రోసిపుచ్చినను, అది జనుల నోళ్ల నుండి తొలగలేదు. 2012లో స్వతంత్ర సంఘము, 2016లో న్యాయనిర్ణేతల తీర్పు వెలువడిన పిమ్మటనే ఆ కుటుంబములకు మచ్చ తీరినది. చేతిలో గ్లాసు కలవాడెల్ల అల్లరివాడే యను తలంపు ఎంత క్రూరముగా పరిణమింపగలదో ఆ 27 సంవత్సరములే సాక్ష్యము.

ఇక ఈ చట్టము క్రింద ఊరి ఏల్ గతి యేమి? మా యభిప్రాయమున దానికి అడ్డు వచ్చునది చట్టపు నిషేధము కన్న ఆ చట్టము కల్పించిన తొందర. పీపా ఏల్‌ను చేతిపంపుతో తోడుదురు. ఒక పైంటు, అనగా 568 మిల్లీలీటర్లు, నిండుటకు పలుమార్లు పిడి లాగవలెను; నురుగు దిగుటకు ఆగవలెను. వేలమంది 15 నిమిషములలో ఎగబడు నడవలో ఇది సాధ్యమగునా? బొగ్గుపులుసు వాయువు నింపిన ఉక్కుపీపా లాగర్ ఐనచో కుళాయి త్రిప్పినంతనే వచ్చును. ఆట లేని వారములలోను చెడకుండును. పైగా పెద్ద సంస్థలు కుళాయిలు, శీతలయంత్రములు తామే బిగించి, జట్టునకు ధనమిచ్చి, తమ సరకే అమ్మవలెనని ఒడంబడిక వ్రాయించుకొందురు. ఒక చిన్న పీపాలో 72 పైంట్లుండును. పదునైదు దినముల కొకమారు స్వస్థలమున ఆడు జట్టు, తెరచిన పీపాలు మిగిలినచో ఎవరికి పోయును? కావున ఊరి ఏల్ కావలెనను కోరిక వెనుక, మెల్లగా కూర్చుండి త్రాగనిమ్మను కోరిక కూడ కలదు.

ఇతరత్ర ఎట్లున్నది? క్రికెట్, రగ్బీ ప్రేక్షకులు గ్లాసు చేతబట్టి తమ స్థానములోనే కూర్చుందురు. హడర్స్‌ఫీల్డు పట్టణమున ఒకే స్టేడియములో ఫుట్‌బాల్ జట్టును రగ్బీ లీగ్ జట్టును ఆడుచున్నవి. రగ్బీనాడు చట్టము ఆక్షేపింపనిది ఫుట్‌బాల్‌నాడు నేరమగును. ఆ స్టేడియమునకు 2012 నుండి కొన్నేండ్లు ఒక బీరు పేరే యుండెనని తెలిసినప్పుడు మాకు నవ్వు ఆగలేదు. జర్మనీలో గ్యాలరీలలోనే బీరు త్రాగుదురు. గెల్సెన్‌కిర్షెన్ స్టేడియములో లోపలి దుకాణముల నన్నిటిని కలుపుచు సుమారు 5 కిలోమీటర్ల బీరుగొట్టము కలదు. కాని అక్కడను ప్రమాదకరమని తోచిన ఆటలనాడు మద్యము లేని బీరునే అమ్ముట కలదు. ఈ విచక్షణ మాకు నచ్చినది.

ఇంగ్లాండున గూడ ఈ చట్టము ఐదవ శ్రేణి వరకే వర్తించును. ఆరవ శ్రేణి మొదలు క్రిందికి, కొన్ని వందలమంది మాత్రమే వచ్చు చిన్న మైదానములలో, రెయిలింగు నానుకొని గ్లాసు చేతబట్టి ఆట చూచుట సాధారణ దృశ్యము. 2021 నవంబరులో ట్రేసీ క్రౌచ్ అధ్యక్షతన వెలువడిన అభిమానుల సమీక్ష, నాలుగవ ఐదవ శ్రేణులలో దీనిని పరీక్షార్థము అనుమతింపవలెనని సూచించినది. చిన్న జట్లకు ఆదాయము కలుగుననియు, విరామమున గటగట త్రాగుట తగ్గుననియు దాని వాదము. పోలీసు అధికారులు ఒప్పుకొనలేదు. 2025 ఆరంభమున మహిళల రెండవ శ్రేణి లీగులో నాలుగు జట్ల మైదానములలో ఇట్టి పరీక్ష జరిగినది.

పోలీసుల యాక్షేపణ కన్న బలమైనది మరియొకటి కలదు. 2002, 2006, 2010 ప్రపంచకప్ పోటీల కాలమున లాంకషైర్ పోలీసు లెక్కలను పరిశీలించిన విద్వాంసులు, ఇంగ్లాండు ఓడిననాడు ఇండ్లలో స్త్రీలపైని దౌర్జన్యపు ఫిర్యాదులు 38 శాతము, గెలిచిననాడును సమమైననాడును 26 శాతము హెచ్చినవని తేల్చిరి. ఇది మైదానపు బీరును గూర్చిన లెక్క కాదు. పెద్ద పోటీలు టెలివిజనులో చూచిననాటి లెక్క. ఐనను మద్యము ఖర్చు ఎవరు భరింతురో ఇది చూపుచున్నది. పిల్లలతో వచ్చువారు, మతరీత్యా మద్యము ముట్టనివారు గూడ టిక్కెట్టు కొన్నవారే. వారి మోకాళ్లపై ఒలికిన బీరు ఏ యూరిదైన నేమి?

కావున పెద్ద స్టేడియములలో తలుపులు బార్లా తెరువుమని మేము చెప్పజాలము. ఏబదివేలమంది చేరుచోట ఊరి ఏల్ అను మాటకే అర్థము తక్కువ. కాని రెండు మూడువేలమంది ఒకరినొకరు ఎరిగియుండు నాలుగవ ఐదవ శ్రేణుల మైదానములలో, ఒక గ్యాలరీని మద్యరహితముగా నుంచి, తక్కిన చోట చట్టమును సడలించి ఊరి ఏల్‌ను అమ్మనిచ్చుట న్యాయమని మాకు తోచుచున్నది. సాధారణమైన బిట్టర్ ఏల్‌లో మద్యము సుమారు 4 శాతము. పెక్కు లాగర్‌ల కన్న అది తక్కువయే గాని ఎక్కువ కాదు. పని కూడ కష్టసాధ్యము కాదు. పీపాను గురువారమే దింపించి కదపక యుంచవలెను. శనివారము మధ్యాహ్నము తెరువవలెను. ఆట ముగిసిన పిమ్మట మిగిలినదానిని ఆ సాయంకాలము, మరునాడును సభ్యుల పానశాలలో అమ్మవలెను. లాగర్ సంస్థతో వ్రాసికొన్న ఒడంబడిక గడువు ఎన్నడు తీరునో ముందుగా చూచుకొనవలెను. పెక్కు జట్లకు చిక్కంతయు అక్కడనే యున్నది.