కమ్మదనం నాలుకదా, ముక్కుదా?

భోజనాన్ని మెచ్చుకొనడానికి మన భాషలో ఉన్న మాటలలో ‘కమ్మన’కు సాటి వచ్చేది లేదు. పులుపు, చేదు, కారం అన్నవి ఒక్కొక్క రుచికే కట్టుబడిన మాటలు. కమ్మన అలాంటిది కాదు. ప్రాచీన తెలుగులో ‘కమ్మ’ అంటే పరిమళం. కమ్మతావి అన్న ప్రయోగం కావ్యభాషలో పరిచితమే. అందుకే అప్పుడే కాచిన నెయ్యిని, దోరగా వేయించిన కందిపప్పును కమ్మగా ఉన్నాయంటాము. పెరుగు కమ్మగా ఉన్నదంటే ఇంకా పులియలేదని అర్థం. ఆవకాయను మాత్రం ఘాటుగా ఉన్నదనే అంటాము; వేడి అన్నంలో దానిపై నెయ్యి పడితేనే కమ్మదనం మాట నోటికి వస్తుంది!

ఈ మాట వెనుక శరీరధర్మం ఉన్నది. ముక్కు గట్టిగా మూసుకొని ఏలకగింజలు నమిలి చూడండి. కొద్దిపాటి వగరు, చేదు తప్ప మరేమీ తెలియదు. ముక్కు వదలగానే పరిమళం గుప్పుమంటుంది. నమిలిన ఆహారపు వాసన గొంతు వెనుక నుండి ముక్కులోనికి చేరితేనే కమ్మదనం తెలుస్తుంది. చరకసంహిత సూత్రస్థానంలోని అన్నపానవిధి అధ్యాయం సైతం అన్నానికి ఇష్టమైన రసంతోపాటు వర్ణ, గంధ, స్పర్శలను కూడా చెప్పినది.

వయసు పైబడినవారిలో ఘ్రాణశక్తి సన్నగిల్లుతుంది. పడిశం పట్టినప్పుడు, జ్వరం తగ్గిన తరువాత కూడా ఇంతే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎందరికో ఇది అనుభవమైనది. “కూర చప్పగా ఉన్నదమ్మా” అని పెద్దవారు అనగానే గృహిణులు మరికొంత ఉప్పు వేస్తారు. రక్తపోటు ఉన్నవారికి అది హాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. పెంచవలసినది ఉప్పు కాదు, సువాసన.

ఇందుకు పెసరకట్టు శ్రేష్ఠం. పిడికెడు పెసరపప్పును కమ్మటి వాసన వచ్చేవరకు వేయించి, చిటికెడు పసుపుతో మెత్తగా ఉడికించి, పలుచగా చేసుకోవాలి. చెంచాడు నేతిలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టాలి. పోపు వడ్డించే ముందే వేసి మూతపెట్టాలి. గంట ముందు వేస్తే సువాసన సగం గాలిపాలు. ఉప్పు మామూలులో సగమే వేసి, చివర నిమ్మరసం పిండితే లోటు తెలియదు.

వాసన బొత్తిగా తెలియనివారికి వంటగ్యాసు కారినా, అన్నం పాచిపోయినా తెలియదు. అటువంటివారిని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలరాదు. రెండు వారాలు దాటినా వాసన తిరిగి రాకపోతే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపించాలి.