వెన్నవాసన - డైఎసిటైల్

జనగామ ప్రాంతపు పల్లెలలో పెరుగు చిలికి వెన్న తీయు ఇండ్లు నేటికిని ఉన్నవి. కవ్వము ఆడుచుండగా లేచు కమ్మని వాసనకు ముఖ్యకారణము డైఎసిటైల్ అను పదార్థము. దాని అణువులో కర్బన పరమాణువులు నాలుగు, ఉదజనివి ఆరు, ఆమ్లజనివి రెండు. నడిమి రెండు కర్బనములకును చెరియొక ఆమ్లజని ద్విబంధముతో అంటియుండును. ఈ జంట అమరికయే దాని ముఖ్యగుణములకు మూలము. విడిగా తీసినచో అది ఆకుపచ్చ ఛాయగల పసుపు ద్రవము. 88 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరగును.

పితికిన పాలలో ఇది దాదాపు ఉండదు. తోడులోని కొన్ని జాతుల బాక్టీరియా, పాలలో స్వల్పముగా నుండు సిట్రికామ్లమును పైరువికామ్లముగా మార్చి, దానినుండి ఎసిటోలాక్టికామ్లమును తయారుచేయును. దీనికి గాలిలోని ఆమ్లజని సోకగా బొగ్గుపులుసు వాయువు వెలువడి డైఎసిటైల్ మిగులును. పెరుగు నిలువ ఉన్నకొలది బాక్టీరియాయే దీనిని వాసన తక్కువైన ఎసిటోయిన్‌గా మార్చివేయును. నాలుగు నాళ్ళ పెరుగులో పులుపే మిగిలి కమ్మదనము తగ్గుట కిది యొక కారణము.

కళాశాలలలో నికెలును గుర్తించుటకు వాడు డైమెథిల్ గ్లయాక్సీమ్ డైఎసిటైల్ సంతతిదే. బాక్టీరియా శాస్త్రములో 1898 నుండి ప్రసిద్ధమైన వోగెస్-ప్రాస్కవర్ పరీక్షలోని ఎరుపురంగునకును ఇదియే కారణము. క్షారము సమక్షమున డైఎసిటైల్ గ్వానిడీన్ సమూహముతో కలిసి ఆ రంగునిచ్చును. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

2000 సంవత్సరమున అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రములో, మొక్కజొన్న పేలాల కర్మాగారమున అంతకుముందు పనిచేసిన 8 మందికి అరుదైన శ్వాసవ్యాధి ఉన్నట్లు వైద్యాధికారులకు తెలిసినది. సన్నని శ్వాసనాళికలు మచ్చకట్టి మూసుకొనిపోవు ఈ వ్యాధికి పేరు బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్. ఒకసారి మూసుకొన్న నాళిక మరల తెరచుకొనదు. వేడి నూనెలో వెన్నవాసన ద్రవ్యమును కలుపు తొట్టె వద్దనే ఆవిరి అధికముగా ఉన్నట్లు విచారణలో తేలినది.

గ్వానిడీన్ సమూహము అర్జినీన్ అను ఎమినో ఆమ్లములోను ఉన్నది. అర్జినీన్ మన మాంసకృత్తులలో ఉన్నది. పరీక్షానాళికలో రంగునిచ్చు చర్య వంటిదే శ్వాసనాళముల లోపొరలోని మాంసకృత్తులను చెరచుచున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పెరుగుతో కడుపులోనికి పోవు స్వల్పమాత్ర వేరు. నిత్యము గంటలకొలది ఊపిరితో లోనికి పోవు ఆవిరి వేరు. తినుటకు సురక్షితమని అంగీకరింపబడిన పదార్థమే కనుక పీల్చుటను గురించి చాలాకాలము ఎవరును ప్రశ్నింపలేదు.

మహబూబాబాద్ మార్కెట్టులో మిరపఘాటు తగిలినవాడు వెంటనే దగ్గి ప్రక్కకు తొలగును. భూపాలపల్లి గనులలో బొగ్గుధూళి కంటికే కనబడును. వెన్నవాసన అట్టి హెచ్చరిక ఏమియు నీయదు, పైగా ఇంకొంచెము పీల్చుమని పిలుచును!

అమెరికాలోని వృత్తిరక్షణ సంస్థ 2016లో, ఎనిమిదిగంటల పనిదినమునకు సగటున నూరుకోట్ల పాళ్ళ గాలిలో 5 పాళ్ళకు మించరాదని సిఫారసు చేసినది. తొట్టెలకు మూతలు, ఆవిరిని వెలుపలికి లాగు పంకాలు, తగిన ముసుగులు అవసరమైనవి. కొన్ని సంస్థలు దీనికి మారుగా ఒక కర్బనము ఎక్కువగల పెంటేన్‌డయోన్‌ను వాడిచూచినవి. అందులోను ఆ జంట అమరికయే ఉన్నది; ప్రయోగములలో ఎలుకల శ్వాసనాళములు అదేవిధముగా చెడినవి.