అంబాసిడర్‌కు ‘కింది గేరు’: మార్చే ముందు ఆలోచించండి

పెళ్లివారితో బయలుదేరిన పాత డీజిలు అంబాసిడర్ నడిరోడ్డున ఆగిపోవడం, డ్రైవరు దిగి బానెట్టు ఎత్తి గేరు కడ్డీలను చేత్తో లాగి విడిపించడం మన పల్లెల్లో చాలామంది చూసినదే. రెండు గేర్లు ఒకేసారి పట్టుకుంటే బండి ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

ఇందుకు గేరుబాక్సును తిట్టి లాభం లేదు. స్టీరింగు పక్కన చేత్తో వేసే గేరు, కొన్ని కడ్డీలూ కీళ్లూ దాటితే గాని బాక్సుకు చేరదు. ప్రతి కీలులోనూ బుష్షు కాస్త కాస్త అరుగుతుంది. అన్నిచోట్ల వదులూ కలిసి, ఒక గేరు పూర్తిగా విడవకముందే మరొకటి పడుతుంది.

1980 ప్రాంతంలో వచ్చిన 1489 సి.సి. డీజిలు అంబాసిడర్‌కు ఉన్నది సుమారు 37 గుర్రాల బలం, నాలుగు గేర్లు. 1990 దశకంలో ఇసుజు ఇంజనుతో, కింద అయిదు గేర్లతో కొత్త రకం వచ్చింది. అప్పటినుంచి పాత బండ్ల వారికీ కింది గేరుపై మోజు పుట్టింది. కొత్త అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది కనుక, ఇప్పుడు పాత సామాన్లు వెతుక్కోవలసిందే. అందుకు బెజవాడ ఆటోనగర్ వంటి చోట్లకు వెళ్లాలి.

పని మాత్రం చెప్పినంత తేలిక కాదు. కొత్త బాక్సు మూతి పాత ఇంజను వెనుక భాగానికి సరిగా కూర్చోవాలి. కూర్చోకపోతే మధ్యలో లేతు షెడ్డులో చేయించిన పలక వేయాలి. అది వెంట్రుకవాసి వంకరగా ఉన్నా క్లచ్చి, బేరింగు త్వరగా పోతాయి. క్లచ్చి ప్లేటు పళ్లు కొత్త షాఫ్టుకు సరిపోవాలి. బాక్సు పొడవు మారితే వెనుక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టును కోసి అతికించి, బ్యాలెన్సు చూపించాలి. ఇది మానేసిన బండి వేగం పుంజుకోగానే వణుకుతుంది. ఆ తర్వాత నేల రేకుకు చిల్లు, ముందు సీటు మధ్యలో ఖాళీ. ముగ్గురు కూర్చున్న చోట ఇక ఇద్దరే!

పైగా అయిదో గేరు బండికి బలమివ్వదు. చదును రోడ్డుపై ఇంజను రొద తగ్గుతుంది, అంతే. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరుకో, మూడో గేరుకో దిగవలసిందే.

అసలు చిక్కు కాగితాల దగ్గర ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తీర్పిచ్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండి ఆర్‌సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసేది అప్పుడే. ప్రమాదం జరిగితే బీమావారూ ఇదే పేచీ పెట్టవచ్చు. అందుచేత ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే బండికి చెయ్యి పెట్టాలి.

అంతకన్నా ముందు చేయదగిన చవక పరీక్ష ఒకటి ఉంది. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకరు గేరు కడ్డీని మెల్లగా కదపాలి. బానెట్టు ఎత్తి మరొకరు చూడాలి. పైన చెయ్యి కదిలినా బాక్సు దగ్గర కడ్డీ కదలకుంటే, పోయినవి బుష్షులే. వాటిని మార్చి, కడ్డీల కొలత సరిచేయిస్తే చాలు.