మీకు తెలుసా? స్ప్రేయర్ చోక్ మీదే ఎందుకు నడుస్తుంది?

గోదావరి ఉత్తర దిశగా పారే చెన్నూరు చుట్టుపక్కల పత్తికి మందు కొట్టే రోజులు రాగానే పెట్రోల్ స్ప్రేయర్లు మూలల్లోంచి బయటికొస్తాయి. చోక్ వేస్తే ఇంజిన్ అందుకుంటుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. చాలామంది ముందు ప్లగ్గునే అనుమానిస్తారు. కానీ ఈ లక్షణం కనిపిస్తే ముందు చూడాల్సింది కార్బురేటర్‌నే.

దాని లోపలి దారి నడుమ సన్నబడుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గడంతో పెట్రోలు జెట్ గుండా చిమ్ముతుంది. కిలో పెట్రోలు మండటానికి 14 కిలోలకు పైగా గాలి కావాలి! జెట్ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నం. నిల్వ పెట్రోలు ఆవిరయ్యాక మిగిలే జిగురు దాన్ని మూసేస్తే పెట్రోలు చాలదు, చోక్ గాలిని తగ్గిస్తేనే ఇంజిన్ నడుస్తుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా కలుపుతున్న ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. జెట్‌ను పిన్నీసుతో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఇక పొగే. క్లీనర్ కొట్టి, గాలి పట్టించండి.

బిగించేటప్పుడు ప్యాకింగ్ మీద కన్నుండాలి. డయాఫ్రమ్ రకం కార్బురేటర్‌లో పెట్రోలును లాగేది క్రాంక్‌కేసులో పెరిగి తగ్గే పీడనమే. ప్యాకింగ్‌లో చిన్న రంధ్రం ఉంటే అది ఆ పీడనం వచ్చే దారి. తిరగేసి పెడితే దారి మూసుకుపోతుంది, పెట్రోలు చుక్క కూడా రాదు. ప్యాకింగ్ చిరిగితే అదనపు గాలి చొరబడి మళ్లీ చోక్ మీదే నడుస్తుంది.

సీజన్ ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి అప్పుడే దాచండి.